ఆఱువేల మీటర్ల యెత్తునుండి గుఱి

గడచిన జూలై నెలలో పదవ తరగతి విద్యార్థి యొకఁడు ప్రయోగశాలలో నా యొద్దకు వచ్చి యొక వింత ఫిర్యాదు చేసెను. ఐఎల్-2 స్టుర్మోవిక్: 1946 అను, 2006లో వెలువడిన విమానయుద్ధపు టాట యొకటి కలదు. వాఁడు సెలవులలో ఇంటియొద్ద కంప్యూటరుపై దాని నాడుచుండెను. అందు హైంకెల్ 111 అను జర్మను బాంబరు విమానము నెక్కి, ఆఱువేల మీటర్ల యెత్తునకుఁ బోయి, క్రింద నున్న రైలు స్టేషనుపై బాంబులు విడుచుట వాని పని. పది పర్యాయములు విడిచెనఁట. పది పర్యాయములును బాంబులు స్టేషనును దాఁటి, ఇంచుమించు ఒక కిలోమీటరు ఆవల, పొలములలోఁ బడెనఁట.

"మాస్టరుగారూ, గుఱిసాధనములో నా యెత్తు సరిగా బిగించితిని. ముల్లు చూపిన వేగమునే బిగించితిని. అయినను తగులుట లేదు. ఆటయే తప్పుగాఁ జేసినారండీ" అని వాని తీర్పు.

పది పర్యాయములు పది చోట్లఁ బడినచో అది గుఱి చూచువాని చేతివణఁకు. పది పర్యాయములును ఒకే దిక్కున, ఒకే దూరమున తప్పినచో అది చేతి దోషము కాదు, లెక్క దోషము. ఈ భేదము ప్రయోగశాలలో తులామానముతోఁ బని చేసిన ప్రతి విద్యార్థియు నెఱిఁగినదే. కాఁబట్టి వానిని కూర్చుండఁబెట్టి, సుద్దముక్క తీసికొని, నల్లబల్లపై లెక్క మొదలుపెట్టితిమి. ఆ మధ్యాహ్నమంతయు దానితోనే గడచినది. తరగతిలో మఱి కొందఱును ఆ యాట నాడువారే యని తరువాతఁ దెలిసినందున, ఆ పాఠమును ఇచ్చట వ్రాయుచున్నాను. బాంబుల గూర్చి ఉపాధ్యాయుఁడు వ్రాయుటయా యని తల్లిదండ్రులు శంకింపవచ్చును. పడు వస్తువు ఎచ్చటఁ బడునో చెప్పుట గతిశాస్త్రమున మొదటి ప్రశ్న. పిల్లలు తమంతఁ దామే ఆ ప్రశ్న నడుగుచు వచ్చినప్పుడు కాదనుట నా వలనఁ గాలేదు. శంకకు మూలమైన విషయమును గూర్చియు క్రింద వ్రాసితిని.

మొదటి మాట. విమానమునుండి విడిచిన బాంబు తిన్నగాఁ గ్రిందికిఁ బడదు. నడుచుచున్న రైలుబండిలోఁ గూర్చున్నవాఁడు చేతిలోని జామకాయను జాఱవిడిచినచో, అది వాని పాదములయొద్దనే పడును గాని వెనుకటి పెట్టెలోనికిఁ బోదు. ఏలయన, బండి వేగము కాయకును గలదు. చేయి వదలినంతమాత్రమున ఆ వేగము పోదు. గెలీలియో 1638లో అచ్చువేయించిన గ్రంథములో దీనినే నిరూపించెను: అడ్డముగాఁ బోవు చలనమును, క్రిందికిఁ బడు చలనమును ఒకదాని నొకటి చెఱుపుకొనవు. బాంబు విమానముతో సమానముగా ముందునకుఁ బోవుచునే క్రిందికిఁ బడును. గాలి యనునది లేకున్నచో, బాంబు నేలను తాఁకు నిమిషమున విమానము సరిగా దాని నెత్తిమీఁదనే యుండును.

కాఁబట్టి తెలిసికొనవలసినవి రెండే: బాంబు పడుటకు ఎంత కాలము పట్టును? ఆ కాలములో అది ముందున కెంత దూరము పోవును?

కాలము సులభము. ఎత్తును రెండింతలు చేసి 9.81 చేత భాగించి, వర్గమూలము తీయవలెను. 6000 మీటర్లకు 35 సెకనులు వచ్చును. 1500 మీటర్లకు 17న్నర సెకనులు. ఎత్తు నాలుగింతలైనను కాలము రెండింతలే అగుట గమనింపుఁడు. ఈ 35 అను సంఖ్యను జ్ఞాపకముంచుకొనవలెను. ఎత్తునుండి గుఱి తప్పుటలోని రహస్యమంతయు దీనిలోనే యున్నది. విమానవేగమును అంచనా వేయుటలో సెకనునకు ఒక మీటరు తప్పినచో, నేలపై 35 మీటర్లు తప్పును. అనఁగా మనుష్యుఁడు మెల్లగా నడచు నడకపాటి పొరపాటు ఒక వీధి వెడల్పునకు మించిన దూరమగును.

ఇఁక వేగము. ఇచ్చటనే మన విద్యార్థి మోసపోయినది. వాఁడు ముల్లు చూపిన వేగమును, గంటకు 260 కిలోమీటర్లను, గుఱిసాధనములో బిగించెను. ఆ ముల్లు అబద్ధము చెప్పదు. కాని వాఁ డనుకొన్న మాట చెప్పదు. విమానపు వేగమాపకము నిజమునకు వేగమును కొలుచునది కాదు, ఒత్తిడిని కొలుచునది. రెక్కకో ముక్కునకో అమర్చిన చిన్న గొట్టములోనికి ఎదురుగాలి దూరి ఒత్తిడి కలిగించును. ఆ యొత్తిడినే ముల్లు వేగముగాఁ జూపును. ఈ గొట్టమునకు పీటో గొట్టమని పేరు. పదునెనిమిదవ శతాబ్దపు ఫ్రెంచి యింజనీరు హెన్రీ పీటో నదీప్రవాహమును కొలుచుటకై కనిపెట్టినది. ఒత్తిడి వేగముపైన మాత్రమే కాక గాలి సాంద్రతపైనను ఆధారపడును. సముద్రమట్టమున నున్న గాలి సాంద్రతలో 6000 మీటర్ల యెత్తున మిగులునది 54 పాళ్లు మాత్రమే. పలుచని గాలిలో అంతే యొత్తిడి కలుగవలెనన్న విమానము మఱింత వేగముగాఁ బోవలెను. 0.54 యొక్క వర్గమూలము 0.73. కావున ముల్లు 260 చూపునప్పుడు విమానపు నిజవేగము 354 కిలోమీటర్లు.

ముల్లు చూపిన వేగము సెకనునకు 72 మీటర్లు; నిజవేగము 98 మీటర్లు. భేదము 26. దానిని 35 చేత హెచ్చించినచో 910 మీటర్లు. వాని బాంబులు ఆవలఁ బడిన దూరము ఇదియే! విమానము నెమ్మదిగాఁ బోవుచున్నదని నమ్మిన గుఱిసాధనము, బాంబు కొంచెము దూరమే ముందునకుఁ బోవునని లెక్క వేసి, లక్ష్యమునకు మిక్కిలి సమీపించినదాఁక ఆఁగి విడిచినది. బాంబు స్టేషను మీఁదుగా ఎగిరి పొలములలోఁ బడినది. నల్లబల్లపై 910 అని వ్రాయఁగానే వాని ముఖము చూడవలసినదే. ఆటను నిందించిన నోరు మూఁతపడినది.

నోటితో లెక్క వేసికొనఁగోరువారికి ఒక మోటు సూత్రము: వేయి మీటర్ల కొకమాఱు, ముల్లు చూపిన వేగమునకు నూటికి ఇంచుమించు ఆఱు చొప్పునఁ జేర్పవలెను. మితమైన యెత్తులకు ఇది చాలును.

ఎత్తు విషయమున పొరపాటు ఇంతటి హాని చేయదు. ఆల్టీమీటరు సముద్రమట్టమునుండి యెత్తును చూపును. బాంబు పడునది లక్ష్యమున్న నేలపై. స్టేషను సముద్రమట్టమునకు 150 మీటర్ల పైన నున్నచో, 6000 లోనుండి 150 తీసివేసి 5850 బిగింపవలెను. మఱచినచో నలువది మీటర్లు ఆవలఁ బడును. లెక్కింపఁదగినదే కాని, వేగపు పొరపాటు ముందు ఇది చిన్నది. క్రొత్తవారు ఎత్తును గూర్చి చింతించి వేగమును నమ్ముదురు. చేయవలసినది దానికి వ్యతిరేకము.

తరువాతిది గాలి. విమానము గాలిలోఁ దేలు వస్తువు. గాలి కదలినచో దానితోఁ గూడఁ గదలును. గోదావరి దాఁటు పడవవాఁడు ఎదుటి రేవునకే ముక్కు పెట్టి నడిపినచో, ప్రవాహము వానిని దిగువ రేవునకుఁ జేర్చును. కాఁబట్టి వాఁడు ఎగువకు ముక్కు త్రిప్పి నడుపును. విమానమును అట్లే. సెకనునకు పది మీటర్ల ఎదురుగాలి యున్నచో, గాలిని బట్టి వేగము 98 అయినను నేలను బట్టి వేగము 88 మాత్రమే. బాంబు గుఱికిఁ గావలసినది ఈ నేలను బట్టి వేగమే. దీనిని లెక్కలోనికిఁ దీసికొననిచో 350 మీటర్ల దోషము వచ్చును. ప్రక్కగాలి యైనచో అంతే దోషము కుడికో యెడమకో వచ్చును. క్రొత్తగా వచ్చిన కొన్ని యాటలలో గాలి వేగమును, దిక్కును సాధనములో బిగించు ఏర్పాటు కలదు. అది లేనిచోట, గాలికి సరిగా ఎదురుగనో, గాలితోపాటుగనో లక్ష్యముపైకి వచ్చుట మేలు. అప్పుడు ప్రక్కకు జరుగుట యుండదు, మిగిలినది ఒక కూడికయో తీసివేతయో మాత్రమే.

గాలి వలన మఱియొక సూక్ష్మము కలదు. గాలి లేకున్నచో బాంబు విమానము క్రిందనే యుండునని పైన వ్రాసితిని. నిజముగా గాలి బాంబును వెనుకకు లాగును. కావున అది నేలను తాఁకునప్పటికి విమానమునకుఁ గొంత వెనుకఁబడి యుండును. లావైన బాంబు కొంచెము, మొద్దు ఆకారపుది ఎక్కువ వెనుకఁబడును. ఈ వెనుకఁబాటు ఏ దిక్కున నుండును? విమానము నేలపైఁ బోవు దారికి వెనుక కాదు. విమానపు ముక్కు చూచు దిక్కునకు వెనుక. ప్రక్కగాలిలో ముక్కొక దిక్కును, దారి యొక దిక్కును గదా! అందుచేత ప్రక్కగాలిలో దారి సరిగా లక్ష్యము మీఁదుగాఁ బోయినను బాంబు గాలివాలున కొంత ప్రక్కకుఁ బడును. ఈ సంగతి చెప్పినప్పుడు వాఁడు రెండు నిమిషము లాలోచించి, "అయితే విమానమే లక్ష్యమునకు గాలివచ్చు ప్రక్కగాఁ బోవలెను గదండీ" అనెను. నిజమే. నాకు ఈ విషయము బోధపడుటకు రెండు దినములు పట్టినది. వానికి రెండు నిమిషములు పట్టినవి.

ఇన్ని లెక్కలు సరియైనను, విమానము నిలుకడగా లేనిచో అంతయు వ్యర్థమే. పైన చెప్పిన యెత్తు వేగములకు, లక్ష్యమును నిట్టనిలువు రేఖనుండి 30 డిగ్రీల కోణమునఁ జూచునప్పుడు బాంబు విడువవలెను. ఆ వాలులో ఒక్క డిగ్రీ తప్పినచో నేలపై 140 మీటర్లు తప్పును. ఒక సెకను ఆలస్యమైనచో 98 మీటర్లు. కాఁబట్టి లక్ష్యమునకు చాల ముందుగనే, కనీసము మూఁడు నాలుగు నిమిషముల దూరమునుండి, ఎత్తు, వేగము, దిక్కు మార్పకుండ రావలెను. ఎత్తు తగ్గినదని చివరి నిమిషమున ముక్కు పైకెత్తువాఁడు వేగమును పోగొట్టుకొనును. సాధనములోని అంకె లన్నియు ఆ క్షణముననే పాతబడును.

ఆటలో నిలుకడగా నుండుటకు ఓర్పు చాలును. యుద్ధమున దానికి ప్రాణములే మూల్యమైనవి. తిన్నగాఁ బోవు విమానమును క్రిందినుండి ఫిరంగులతోఁ గొట్టుట సులభము గదా! అందుచేత 1942లో ఐరోపాకు వచ్చిన అమెరికా వైమానికులు మొదట వంకరటింకరగాఁ బోవుచు బాంబులు వేసి, దేనికిఁ దగులకుండ తిరిగివచ్చిరి. ఆ నవంబరు నెలలో ఫ్రాన్సుదేశపు సెయింట్ నజైర్ రేవుపై కర్టిస్ లెమే అను దళపతి తన విమానములను ఏడు నిమిషములపాటు ఏమాత్రము ప్రక్కకుఁ దొలఁగనీయక తిన్నగా నడిపెను. బాంబులు తగిలినవి, అప్పటినుండి అదియే పద్ధతి యయ్యెను.

ఆ విమానములలో నున్నది నార్డెన్ గుఱిసాధనము. దానిని కనిపెట్టిన కార్ల్ నార్డెన్ 1880లో జావా ద్వీపమునందలి సెమరాంగులో డచ్చి కుటుంబమునఁ బుట్టి, స్విట్జర్లాండులోఁ జదివి, 1904లో అమెరికాకు వలసపోయినవాఁడు. సాధనములో వేగముగాఁ దిరుగు గైరోస్కోపులు దుర్భిణిని విమానపు కుదుపులకు లోఁబడక నిలువుగా నుంచును. గుఱిచూచువాఁడు రెండు మరలను త్రిప్పుచు, దుర్భిణిలోని అడ్డగీతలు లక్ష్యముపైఁ గదలక నిలుచునట్లు చేయును. గీతలు నిలిచినవనఁగా నేలను బట్టి విమానవేగము తెలిసినదన్న మాట. ముల్లును గాని, గాలి సమాచారమును గాని నమ్మనక్కఱలేదు. ఆ చివరి నిమిషములలో విమానమును నడుపునది పైలటు కాదు, ఈ సాధనమే. అది స్వయంచాలక యంత్రముతో జతచేయఁబడి, తగిన కోణము రాఁగానే బాంబులను తానే విడుచును. పండ్లచక్రములతోఁ జేసిన గణకయంత్ర మది. దాని రహస్యమును ప్రాణములిచ్చియైనను కాపాడుదుమని గుఱికాండ్రచేఁ బ్రమాణము చేయించిరి. ఆ కర్మాగారములోనే పని చేసిన హెర్మన్ లాంగ్ అనువాఁడు యుద్ధమునకు ముందే దాని పటములను జర్మనీకిఁ జేర్చి, 1941లోఁ బట్టుబడెను. రహస్య మెవరికిఁ గావలెనో వారికే మొదటఁ జేరినది!

ఆకాశమునుండి ఊరగాయపీపాలోఁ బడునట్లు బాంబు వేయవచ్చునని ఈ సాధనమును గూర్చి చెప్పుకొనిరి. ఎడారిపై నిర్మలాకాశమున, ఎవరును కాల్చని చోట జరిగిన పరీక్షలలో అది గొప్పగాఁ బని చేసెను. జర్మనీపై మేఘములు, పొగ, ఫిరంగులు, భయము. పైఁగా ప్రతి విమానము వేఱుగా గుఱి చూచుట మాని, ముందున్న విమానము విడిచినప్పుడే తక్కినవన్నియు విడుచు పద్ధతి వచ్చెను; అప్పుడు బాంబులు విమానముల గుంపు ఎంత వెడల్పో అంత వెడల్పున నేలపైఁ బఱచుకొనును. యుద్ధానంతరము అమెరికా ప్రభుత్వమే జరిపించిన పరిశీలనలో తేలిన దేమనఁగా, నిర్దిష్ట లక్ష్యములపై గుఱిచూచి వేసిన బాంబులలో, లక్ష్యబిందువు చుట్టును వేయి అడుగుల లోపలఁ బడినవి నూటికి సుమారు ఇరువది మాత్రమే. తక్కిన యెనుబది యెచ్చటఁ బడినవి? మన విద్యార్థి ఆటలోవలె పొలములలో కొన్ని, ఇండ్లపైఁ గొన్ని.

జపానుపై సంగతి మఱింత వింతయైనది. 1944 నవంబరు 24న 111 బి-29 విమానములు టోకియో సమీపమునందలి ముసాషినో విమానకర్మాగారముపైకి బయలుదేఱినవి. తొమ్మిదివేల మీటర్ల యెత్తున, గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలిలోఁ జిక్కుకొనినవి. కర్మాగారముపై బాంబులు వేయఁగలిగినవి ఇరువదినాలుగు మాత్రమే. మీరే లెక్కింపుఁడు: తొమ్మిదివేల మీటర్లనుండి పడుటకు 43 సెకనులు, సెకనునకు 55 మీటర్ల గాలి, దానిని లెక్కలోఁ జేర్చనిచో తప్పు రెండు కిలోమీటర్లకుఁ బైమాటే. గాలితోపాటుగాఁ బోయినచో నేలను బట్టి వేగము గుఱిసాధనము సర్దుకొనఁగల మేరను మించెను; ఎదురుగాఁ బోయినచో విమానము ఫిరంగులపై వ్రేలాడినట్లుండెను.

ఆ గాలి యెవరికిని తెలియనిది కాదు. వాసబురో ఓయిషి యను జపాను వాతావరణశాస్త్రజ్ఞుఁడు టటేనో పరిశీలనాలయమునుండి బెలూనులను వదలి, 1920 తరువాతి సంవత్సరములలోనే ఆ యున్నత ప్రవాహమును కొలిచి, లోకమంతయుఁ జదువవలెనని 1926లో ఎస్పరాంటో భాషలోఁ బ్రకటించెను. లోకమంతటికి నొకటే భాషయని వెలసిన ఆ భాషను చదువువారు లేక, ఆ సంగతి మఱుగునఁ బడినది. దానినే నేఁడు జెట్ ప్రవాహ మందురు.

ఎత్తునుండి గుఱి కుదురకపోవుట వలన ఏమి జరిగినదో చెప్పక విడుచుట న్యాయము కాదు. 1945 జనవరిలో అచ్చటికి సేనాపతిగా వచ్చినది ఆ లెమేయే. మార్చి 9వ తేదీ రాత్రి మూఁడువందలకు పైగా విమానములను, రెండువేల మీటర్ల ప్రాంతపు తక్కువ యెత్తున, నిప్పుబాంబులతో టోకియోపైకిఁ బంపెను. దానికి గుఱిసాధన మక్కఱలేదు, లక్ష్యము పట్టణమే. తెల్లవాఱునప్పటికి సుమారు లక్షమంది మరణించిరని అంచనా. కర్మాగారమునకుఁ దగులని బాంబు కొఱకు ఇండ్లనే లక్ష్యము చేసికొనిరి. ఇది నేను చెప్పుచున్నప్పుడు ఆ విద్యార్థి నల్లబల్లపై నున్న 35 వంకఁ జూచుచుండెను.

మన తీరమునకును ఇట్టి దినము కలదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. అవి తక్కువ యెత్తునుండి వచ్చిన కొలఁది విమానములే యైనను, ఊళ్లు ఖాళీ చేసి పల్లెలకుఁ బోయిన కుటుంబముల కథలు ఆ ప్రాంతపు ఇండ్లలో ఇంకను వినవచ్చును. ఇంటిలో వృద్ధులున్న విద్యార్థులు అడిగి వ్రాసికొనుట మంచిది.

మరల ఆట సంగతి. రెండు వారముల తరువాత వాఁడు ఒక కాగితము తెచ్చెను. అందు ఎత్తు 5850, ముల్లు వేగము 260, నిజవేగము 354, గాలి లేదు అని గీతలు గీచి వ్రాసికొనియుండెను. స్టేషనునకు ఇరువదియైదు కిలోమీటర్ల ముందుగనే యెత్తు, వేగము కుదిర్చి, తరువాత చేయి కదపలేదఁట. బాంబులలో మొదటిది సిగ్నలు స్తంభము కడ, తక్కినవి పట్టాల వెంబడి పడెనఁట. "ఎన్ని మీటర్లు తప్పినది?" అని యడిగితిని. "ముప్పది యుండవచ్చునండీ. వేగములో సెకనునకు ఒక మీటరు తప్పినట్లున్నది" అనెను. ఆ జవాబునకు నేను సంతోషించితిని.

తక్కిన విద్యార్థుల కొఱకు ఒక లెక్క. విమానము లక్ష్యమునకు 4000 మీటర్ల పైన నున్నది. ముల్లు గంటకు 280 కిలోమీటర్లు చూపుచున్నది. ఆ యెత్తున గాలి సాంద్రత సముద్రమట్టపు సాంద్రతలో 67 పాళ్లు. వెనుకనుండి సెకనునకు 15 మీటర్ల గాలి వీచుచున్నది. గాలి బాంబును వెనుకకు లాగుటను విడిచిపెట్టి, నిట్టనిలువునుండి ఏ కోణమున విడువవలెనో కనుఁగొనుఁడు. 38 డిగ్రీలకు సమీపమున రావలెను. 34 వచ్చినవారు ఏది మఱచితిరో వెదకుకొని, కాగితములు ప్రయోగశాలలో నాకు చూపవచ్చును.